పైకి లేపే మాటలు

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిని పొగమంచు ఓ పట్టాన వదిలేది కాదు. బారెడు పొద్దెక్కినా చెట్ల నడుమ తెల్లగా వేలాడుతూనే ఉండేది.

ఆ అడవిలో గుబురమ్మ అని ఒక ఎలుగుబంటి ఉండేది. పేరుకు తగ్గట్టే ఒళ్లంతా గుబురు బొచ్చు. ఆ బొచ్చును రెండు చేతులా పట్టుకుని, వీపు మీద ఎప్పుడూ ఒక పిల్ల కూర్చుని ఉండేది. గుబురమ్మ పుట్ట తవ్వినా, వాగు దాటినా, వీపు గోక్కోవాలనుకున్నా ఆ పిల్ల దిగేది కాదు.

ఆ పిల్ల పేరేమిటని మీరు అడుగుతారు. నేను చెప్పను. ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. తల్లి తన పిల్లకు పేరు పెట్టి, చెవిలో చెప్పాలి. తొలకరి వాన పడేదాకా ఆ పేరు మూడో చెవిన పడకూడదు. పేరు తెలిస్తే ఎవరైనా పిలవొచ్చు. పిలిస్తే పసిపిల్ల వెళ్లిపోతుంది. పిలిచింది మంచివాళ్లా చెడ్డవాళ్లా అని చూసుకునే తెలివి దానికి ఉండదు కదా! మన కథలో తొలకరి ఇంకా పడలేదు. అందుకని నేనూ నోరు మూసుకుంటాను. అడవిలో అందరూ దాన్ని ‘పిల్లా’ అనేవారు, మనమూ అలాగే అందాం.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అది ఇప్పపూల గురించి. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. రాలింది ఎవరైనా తినొచ్చు. చెట్టెక్కి కొమ్మ దులపడం మాత్రం తప్పు. ఎలుగుబంటికి చెట్టెక్కడం రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. అయినా ఎక్కదు. ఎక్కలేని ఏదుపందికీ కుందేలుకూ కూడా తిండి దొరకాలని పెద్దలు పెట్టిన మాట అది.

ఆ ఏడు పూలు విరగబూశాయి. కానీ రాలడం లేదు. తెల్లవారి వెళ్లి చూస్తే చెట్టు కింద నేల ఖాళీగా ఉండేది. ఒకటో రెండో రాలితే, వాటి కోసం పది మూతులు చేరేవి.

గుబురమ్మకు పాలు తగ్గాయి. పిల్ల చప్పరించి చప్పరించి, ఏమీ రాక, తల్లి బొచ్చులో మొహం పెట్టుకుని మూలిగేది. 

ఒకరోజు పొద్దున్నే గుబురమ్మ ఇప్పచెట్టు కింద ముక్కు నేలకానించి వెతుకుతోంది. పైన ఎవరో నములుతున్న చప్పుడు వినిపించింది. కోతేమో అనుకుని తలెత్తింది.

కోతి కాదు. మంచులో రెండు పొడుగు చెవులు కనిపించాయి. వాటి కింద చెవులయ్య కనిపించాడు. చెవులయ్య అంటే పక్క పొదలో ఉండే కుందేలు. అతను కొమ్మ మీద కూర్చోలేదు. కొమ్మ పక్కన, ఉత్త గాల్లో ఉన్నాడు. నాలుగు కాళ్లూ కిందికి వేలాడుతున్నాయి. ఒళ్లు కదలడం లేదు. నోరొక్కటే ఆడుతోంది.

గుబురమ్మ గుండె ఝల్లుమంది.

“చెవులయ్యా! నిన్నెవరు పట్టుకున్నారయ్యా?” అని అరిచింది.

“ఎవరు పట్టుకుంటారు వదినా? నేనే లేచాను,” అన్నాడు చెవులయ్య, బుగ్గ నిండా పూలతో. “అలా చూస్తావేం? నేను చెట్టెక్కానా? లేదు. కొమ్మ దులిపానా? లేదు. మరి కట్టుబాటు ఎక్కడ తప్పాను?”

గుబురమ్మ ఆలోచించింది. గాల్లోకి లేవకూడదని పెద్దలు చెప్పలేదు, నిజమే. పెద్దలకు ఆ ఊహే వచ్చి ఉండదు.

చెవులయ్య మెల్లగా, చాలా మెల్లగా కిందికి దిగాడు. “లోయలో ఒక గొంతుంది. పైకి లేచే మాటలు నేర్పుతుంది. మాటలకేం కరువు? వెళ్లి అడుగు,” అన్నాడు.

అంతలో అతని భార్య గరికమ్మ పొదల్లోంచి వచ్చింది. “ఏమయ్యా, ఇంటికి రావా? పిల్లలు ఎదురుచూస్తున్నారు,” అంది.

చెవులయ్య ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గుబురమ్మ వైపు వంగి, “ఈవిడెవరు వదినా?” అని అడిగాడు.

“చాల్లే నీ సరసం!” అని గరికమ్మ నవ్వింది. గుబురమ్మ కూడా నవ్వింది. చెవులయ్య మాత్రం నవ్వలేదు.

గుబురమ్మ ఆ పూటే పిల్లను వీపునేసుకుని లోయ దారి పట్టింది. దారిలో ముళ్లవ్వ ఎదురైంది. ముళ్లవ్వ ముసలి ఏదుపంది. సగం ముళ్లు ఊడిపోయాయి గానీ నోటి ముళ్లు మాత్రం ఒక్కటీ ఊడలేదు.

“ఎక్కడికే గుబురూ, అంత వేగిరం?” అంది.

గుబురమ్మ చెప్పింది.

“ఆ గొంతు మా అవ్వ కాలం నుంచీ ఉంది,” అంది ముళ్లవ్వ. “మాట విన్నవాళ్లున్నారు గానీ మొహం చూసినవాళ్లు లేరు. సరే, ఆకలిగా ఉన్నదాన్ని పోవద్దంటే వింటావా? పైకి లేచే మాట అడుగుతావు కదా, దిగే మాట కూడా అడుగు. మరిచిపోకు.”

“చెవులయ్య దిగాడుగా అవ్వా!”

“ఈసారికి దిగాడు,” అంది ముళ్లవ్వ.

లోయలో పిట్ట కూయలేదు. ఈగ ముసరలేదు. ఆకులు కదులుతున్నాయి, కానీ గలగల లేదు. మంచు ఎంత చిక్కగా ఉందంటే గుబురమ్మకు తన ముందుకాళ్లే కనిపించలేదు. పిల్ల ఆమె మెడను ఇంకా గట్టిగా పట్టుకుంది.

“లోపల ఎవరున్నారు?” అని అడిగింది గుబురమ్మ.

“ఎవరూ లేరు,” అంది ఒక గొంతు. “అడుగు, ఏం కావాలో.”

అది చెవి పక్కనే పలికింది. ఆడగొంతో మగగొంతో తెలియలేదు. గుబురమ్మ బొచ్చంతా నిక్కబొడుచుకుంది. ఇంటికి పోదామా అనుకుంది. అప్పుడే పిల్ల మూలిగింది.

“పైకి లేచే మాటలు కావాలి,” అంది గుబురమ్మ.

“ఆ మాటలు నీకు తెలిసినవే. రోజూ అనేవే. అనే తీరు వేరు,” అంది గొంతు. “వీపు మీద ఉన్నదాన్ని దించు. ఊపిరి బిగబట్టు. ఎవరినీ తలుచుకోకు. అప్పుడు ‘లేస్తా’ అను.”

గుబురమ్మ పిల్లను గడ్డిలో దించింది. ఊపిరి బిగబట్టి, “లేస్తా” అంది. ఏమీ కాలేదు.

“ఎవరినో తలుచుకున్నావు.”

“నా పిల్లను. అది పాముపుట్ట పక్కన కూర్చుందేమోనని.”

“అదే బరువు,” అంది గొంతు. “దించమన్నది వీపు మీది నుంచే కాదు.”

గుబురమ్మ కళ్లు మూసుకుంది. వాగును తలుచుకోలేదు. గుహను తలుచుకోలేదు. పిల్లను కూడా తలుచుకోలేదు, ఒక్క ఊపిరిసేపు. “లేస్తా” అంది.

కాళ్ల కింద నేల పోయింది. అంత పెద్ద ఒళ్లు గడ్డి మీదుగా లేచి నిలబడింది. ఎన్నాళ్లుగానో నొప్పెడుతున్న నడుం చల్లగా తేలికపడింది. ఊపిరి వదిలేసరికి దిగిపోయింది. పిల్లకు ఇదంతా ఆటలా ఉంది. తల్లి కింద దూరి కిచకిచలాడింది.

“రెండో మాట ‘తేలతా’,” అంది గొంతు. “దాంతో కొమ్మలు అందుకుంటావు. మూడోది ‘పోతా’. దాంతో చెట్టును దాటిపోతావు.”

“ఒట్టి ‘పోతా’నా?” అంది గుబురమ్మ ఉలిక్కిపడి.

ఉలిక్కిపడదా మరి? మీరు గడప దాటుతూ ‘పోతా’ అని చూడండి. అమ్మమ్మ నెత్తిన ఒక్కటి మొట్టి, ‘పోయొస్తా అనాలిరా’ అంటుంది. అడవిలోనూ అంతే.

“ఒట్టి ‘పోతా’నే,” అంది గొంతు.

ఆ మూడో మాట జోలికి వెళ్లకూడదని గుబురమ్మ అప్పుడే ఒట్టు పెట్టుకుంది. పిల్లను ఎత్తుకుని బయల్దేరింది. సగం దారిలో ఏదో అడగడం మరిచిపోయానని గుర్తొచ్చింది. దిగే మాట! అది అడగమని ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారు? ముళ్లుంటాయి, ముసల్ది, పక్కనే ఉంటుంది. పేరు మాత్రం ఎంతకీ నోటికి రాలేదు. వయసు మీద పడుతోంది కాబోలు అనుకుని నడిచింది.

మర్నాటి నుంచి గుబురమ్మ కూడా తేలింది. పొద్దున్నే పిల్లను చెట్టు మొదట్లో దించేది. “తేలతా” అనేది. కొమ్మల మధ్యకు లేచి, నోటినిండా ఇప్పపూలు తినేది. తియ్యటి పూలు, ఇంకా నేల దుమ్ము అంటని పూలు. కడుపు నిండాక ఒళ్లు నెమ్మదిగా దిగేది. పాలు మళ్లీ పడ్డాయి. పిల్ల బుగ్గలు పూడుకున్నాయి. ఇందులో తప్పేముంది, మీరే చెప్పండి. తల్లి తినకపోతే పిల్లకు పాలెక్కడివి?

అయితే లేచినవాళ్లు ఒక్కరా ఇద్దరా? చెవులయ్య లేచాడు, అడవిపంది లేచింది, ముంగిస లేచింది. మంచులో చూస్తే చెట్టు చుట్టూ నల్లటి ఒళ్లు వేలాడుతూ ఉండేవి. ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. నమిలే చప్పుడొక్కటే వినిపించేది. పైన తినేస్తుంటే కింద ఏం రాలుతుంది? లోయకు వెళ్లలేని ముసలివాళ్లు ఖాళీ నేలను వాసన చూసి వెనక్కి పోయేవారు. ముళ్లవ్వ చర్మం ఎముకలకు అంటుకుపోయింది. ఒకరోజు “గుబురూ, ఒక్క పువ్వు కింద పడేయవే,” అని అడిగింది. గుబురమ్మ ఆమెను చూసి, పొద మాట్లాడిందేమో అనుకుంది.

పిల్లను దింపేటప్పుడు మొదట్లో గుబురమ్మకు వీపు బోసిగా ఉండేది. పోనుపోను దించాకే హాయిగా ఉంది. ఎత్తుకున్నప్పుడే ఏదో తగులుకున్నట్టు చిరాకేసేది.

“అమ్మా, ఎత్తుకోవా?” అనేది పిల్ల.

“ఉండు, కాసేపాగు,” అనేది గుబురమ్మ.

కొన్నాళ్లకు అందే కొమ్మలన్నీ ఖాళీ అయిపోయాయి. చిటారు కొమ్మన మాత్రమే పూలు మిగిలాయి. ‘తేలతా’ అంటే అంత ఎత్తు అందదు.

చెవులయ్య ముందుగా మూడో మాట అన్నాడు. అప్పుడు గుబురమ్మ అక్కడే ఉంది. అతను చిటారు కొమ్మ దాకా లేచాడు. ఒక్క గుత్తి తిన్నాడు. ఆగలేదు. కొమ్మ దాటాడు. ఇంకా లేచాడు. కింద గరికమ్మ “ఏమయ్యా! ఏమయ్యోయ్!” అని పరుగెడుతూ పిలుస్తోంది. అతను ఒక్కసారి కిందికి చూశాడు, రాళ్లనూ తుప్పలనూ చూసినట్టు. తర్వాత చెవులు కూడా మంచులో కలిసిపోయాయి.

అది చూశాక ఎవరైనా మూడో మాట అంటారా? అనకూడదు. కానీ ఆకలి ఉందే, అది కళ్లుండగానే గుడ్డివాళ్లను చేస్తుంది. గుబురమ్మకు పాలు మళ్లీ తగ్గాయి. పిల్ల మళ్లీ మూలగడం మొదలుపెట్టింది.

“చెవులయ్య ఆశపోతు. నేను ఒక్క నోటికి తిని దిగిపోతాను,” అనుకుంది గుబురమ్మ. పిల్లను చెట్టు మొదట్లో దించింది. “ఇక్కడే కూర్చో. కదలకు,” అంది.

పిల్ల ఆమె కాలి బొచ్చు పట్టుకుంది. “ఎక్కడికెళ్తున్నావమ్మా?”

గుబురమ్మ ఆ వేళ్లను ఒక్కొక్కటే విడిపించింది. కళ్లు మూసుకుంది. ఊపిరి బిగబట్టింది. ఎవరినీ తలుచుకోలేదు. ఇప్పుడది కష్టంగా కూడా లేదు.

“పోతా,” అంది.

చెట్టు కిందికి జారిపోయింది. చిటారు కొమ్మ ఎదురొచ్చింది. గుబురమ్మ ఒక గుత్తి నోట్లో వేసుకుంది. అంత తియ్యటి పువ్వు పుట్టి బుద్ధెరిగాక తినలేదు. రెండో గుత్తికి మెడ చాచింది. అందలేదు. కొమ్మ అప్పటికే కాళ్ల కిందికి వెళ్లిపోయింది.

పైన మంచు తప్ప ఏమీ లేదు. చలి లేదు, వేడి లేదు. ఆకలి కూడా లేదు. దూరంగా అడవిపంది వేలాడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. పెదాలు కదుపుతూ ‘పోతా, పోతా’ అంటోంది. ఇంకాస్త పైన రెండు పొడుగు చెవులు కనిపించాయి. చెవుల్లోంచి అవతలి మంచు కూడా కనిపించింది.

“బాగుందా?” అంది గొంతు. ఇప్పుడది మరీ దగ్గరగా ఉంది.

“బాగుంది,” అంది గుబురమ్మ. నిజంగానే బాగుంది.

కింద ఎక్కడో ఒక చిన్న ఏడుపు వినిపించింది. “అమ్మా!” అని. కాసేపటికి మళ్లీ “అమ్మా!” అని.

‘పాపం, ఎవరి పిల్లో! తల్లి ఎక్కడికి పోయిందో!’ అనుకుంది గుబురమ్మ.

“నువ్వెవరు?” అని గొంతును అడిగింది, ఊసుపోక.

“గుర్తు లేదు,” అంది గొంతు. “నాకు కాళ్లుండేవి. బాగా పరుగెత్తే కాళ్లు. నాకూ ఎవరో ఉండేవారు. వాళ్ల కోసమే ఇలా లేచాను. ఎవరో మాత్రం గుర్తు లేదు.”

గుబురమ్మ తన పంజా ఎత్తి చూసుకుంది. నల్లటి గోళ్లు బూడిదరంగుకు తిరిగాయి. గోళ్ల వెనకాల మంచు కనిపిస్తోంది. అప్పుడు ఆమెకు భయం వేసింది. ఎందుకు లేచాను? ఒక్క నోటికి తిని దిగుదామనుకున్నాను. ఎవరి కోసం దిగుదామనుకున్నాను? తన వీపు మీద ఏదో ఉండాలి. ఇప్పుడది లేదు. ఏమిటది?

“అమ్మా!” మళ్లీ ఏడుపు.

ఈసారి గుబురమ్మ రొమ్ము సలిపింది. తలకు తెలియనిది ఒంటికి తెలిసింది. ఆ ఏడుపు నాదే, ఆ పిల్ల నాదే, అనిపించింది. దిగాలని కాళ్లు తన్నుకుంది. గాల్లో తన్నుకుంటే ఏమవుతుంది? ఇంకాస్త లేచింది.

అప్పుడు కింది నుంచి ఒక బొంగురు గొంతు వచ్చింది. “గుబురూ! ‘పోతా’ అనేగా పోయావు? ‘వస్తున్నా’ అని చూడవే!”

దిగే మాట అంత చిన్నదని ఎవరికి తెలుసు? గుబురమ్మ గొంతు చించుకుని “వస్తున్నా!” అంది. ఒళ్లు దిగలేదు.

“ఎవరి దగ్గరికే? పేరు పెట్టి అను! పోవడానికి ఎవరూ అక్కర్లేదు గానీ, రావడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా!”

“పేరు...” అంది గుబురమ్మ. నోరు తెరిచి వెతుక్కుంది. నాలుక మీద ఏమీ లేదు. “పేరు తెలియడం లేదు!” అని ఏడ్చింది.

 తర్వాత ఆ బొంగురు గొంతే మెల్లగా అనడం వినిపించింది. “తల్లీ, నీ పేరేంటో అమ్మకు గట్టిగా చెప్పు.”

“చెప్పకూడదు,” అంది పిల్ల వెక్కుతూ. “వాన పడలేదు. అమ్మ ఒట్టు వేయించుకుంది. మంచు వింటుంది.”

“వింటుంది. వింటే ఏమవుతుందో నాకూ తెలియదు. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ అమ్మ ఇంకాస్త లేచిందంటే నువ్వు అరిచినా వినపడదు.”

గొంతు గుబురమ్మ చెవిలో అంది. “వద్దులే. ఇంకాసేపు ఓర్చుకో. ఆ ఏడుపు కూడా వినిపించదు. అప్పుడంతా సుఖమే.”

అంతలో కింది నుంచి పిల్ల అరిచింది. అంత చిన్న ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచుకుందో! “పుట్టతేనె! అమ్మా, నేను పుట్టతేనెను!”

చెప్పేసింది. ఇంకా నేను దాచి ఏం లాభం? దాని పేరు పుట్టతేనె. అది పుట్టిన రోజు గుబురమ్మ పుట్టలో దొరికిన తేనె తిని, అంత తియ్యగా ఉండాలని పెట్టుకున్న పేరు.

ఆ పేరు చెవిన పడగానే అన్నీ వచ్చి మీద పడ్డాయి. తడి ముక్కు, పాల వాసన, మెడ బొచ్చు లాగే వేళ్లు, కాసేపాగు అన్నప్పుడు పిల్ల పెట్టిన మొహం. ప్రతీదీ ఒక బండరాయంత బరువుంది. గుబురమ్మకు ఏడుపు ఆగలేదు.

“వస్తున్నా, పుట్టతేనే! వస్తున్నా!” అంది.

వచ్చింది. ఎలా వచ్చిందనుకున్నారు? తేలుతూ కాదు. ఎలుగుబంటి ఎంత బరువుంటుందో అంత బరువుతోనూ దభీమని వచ్చింది. చిటారు కొమ్మ విరిగింది. దాని కింది కొమ్మ విరిగింది. అదీ ఇదీ పట్టుకోబోయి చెట్టంతా కుదిపేసి, చివరికి పొదలో పడింది. వెనకాలే మిగిలిన ఇప్పపూలన్నీ జలజలా రాలాయి.

పుట్టతేనె వచ్చి ఆమె మెడకు కరుచుకుంది. గుబురమ్మకు కాలు బెణికింది. పక్కటెముకలు నొప్పెడుతున్నాయి. అయినా పిల్లను రొమ్ముకు అదుముకుని, దాని పేరు దాని చెవిలో అంటూనే ఉంది. అలా ఎంతసేపు అందో ఆమెకే తెలియదు.

ముళ్లవ్వ నేల మీది పూలను వాసన చూసింది. “ఇవి రాలిన పూలే. కట్టుబాటు తప్పేం లేదు. తినండర్రా,” అంది.

గుబురమ్మ ఆమె వైపు తిరిగింది. “ముళ్లవ్వా!” అంది. ఆ పేరు నోటికి వచ్చినందుకు ఇంకోసారి ఏడ్చింది. “నువ్వు పువ్వు అడిగితే నేను వేయలేదు అవ్వా.”

“వేశావుగా, చెట్టు మొత్తం,” అంది ముళ్లవ్వ నములుతూ.

ఆ రోజంతా అడవి హోరెత్తింది. పైన వేలాడుతున్నవాళ్ల తాలూకు వాళ్లందరూ చెట్టు కింద చేరి, ఎవరి పేరు వాళ్లే అరిచారు. విన్నవాళ్లు దబ్బుదబ్బున దిగారు. అడవిపంది బురదలో పడింది. దానికి అదే ఇష్టం. గరికమ్మ కూడా అరిచింది. “నేను గరికమ్మనయ్యా! గరికమ్మను!” అని పొద్దు వాలేదాకా అరిచింది. చెవులయ్య దిగలేదు. అప్పటికే చాలా పైకి పోయాడు. గరికమ్మ ఇప్పటికీ పూట పూటా బయటికి వచ్చి తన పేరు తనే ఆకాశంలోకి అరుస్తుంది. వినే దూరంలో ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు.

ఇక గుబురమ్మ సంగతి. పిల్ల పేరు మంచు వింది కదా, ఆ గుబులు ఆమెను వదల్లేదు. అనుకున్నంతా అయింది. మర్నాడు పొద్దున్నే మంచు గుహ దాకా వచ్చింది. “పుట్టతేనే... పుట్టతేనే...” అని పిలిచింది. వీపు మీద పిల్ల బరువు ఒక్కసారిగా తగ్గడం గుబురమ్మకు తెలిసింది. బొచ్చు పట్టుకున్న చేతులున్నాయి గానీ, కాళ్లు గాల్లోకి లేస్తున్నాయి.

“గట్టిగా పట్టుకో! పలక్కు!” అంది గుబురమ్మ. రెండు పంజాలూ వెనక్కి తిప్పి పిల్లను పట్టుకుని, మంచు పోయేదాకా అలాగే కూర్చుంది.

రెండో రోజూ అంతే. గొంతు పిలిచింది, గుబురమ్మ పట్టుకుంది.

మూడో రోజు వాళ్లు వాగు ఒడ్డున ఉండగా మంచు కమ్మింది. “పుట్టతేనే...” అంది గొంతు. ఈసారి అది పిలుస్తున్నట్టు లేదు. ఏడుస్తున్నట్టు ఉంది. గుబురమ్మ పిల్లను పొట్ట కింద దాచి నోరు మూయబోయింది. పిల్ల ఆ పంజా పక్కకు నెట్టి తల బయట పెట్టింది.

“ఎందుకు నన్నే పిలుస్తావు?” అని అడిగింది మంచును.



“నాకు తెలిసిన పేరు ఇదొక్కటే,” అంది గొంతు.

గుబురమ్మ పంజా బిగిసింది. తన నాలుక మీద ఏమీ లేక వెతుక్కున్న ఆ క్షణం గుర్తొచ్చింది. పిల్ల ఊపిరి వేడిగా తన పొట్టకు తగులుతోంది. ఆ బరువు లేనివాళ్లు ఎలా బతుకుతారా అనిపించింది.

“మరైతే నన్ను పైకి రమ్మనడం ఎందుకు?” అంది పిల్ల. “నువ్వే ‘వస్తున్నా’ అనొచ్చుగా. పేరు తెలుసుగా!”

మంచు కదలడం మానేసింది. వాగు చప్పుడు కూడా తగ్గినట్టనిపించింది. గుబురమ్మ వద్దని అందామనుకుంది, అనలేకపోయింది.

“వస్తున్నా,” అంది గొంతు, కొత్త మాట నేర్చుకుంటున్న పసిదానిలా. “వస్తున్నా... పుట్టతేనే.”

వాగు ఒడ్డున తడి ఇసుక మెల్లగా కుంగింది. రెండు గిట్టల గుర్తులు పడ్డాయి. వాటి వెనక ఇంకో రెండు. పైన ఒళ్లు లేదు, ఏమీ లేదు. ఎవరో ఎన్నాళ్లకో నేల మీద నిలబడి ఒణుకుతున్నట్టు ఆ గుర్తుల చుట్టూ నీరు ఊరింది. తర్వాత ఒక్కొక్క అడుగే వేస్తూ అవి వాళ్ల వైపు నడిచి వచ్చాయి. చల్లటి ముక్కు ఒకటి పిల్ల నుదుటిని తాకింది.

“దుప్పి, అమ్మా,” అంది పుట్టతేనె గుసగుసగా. “ఎవరి అమ్మో.”

గుబురమ్మకు భయం వేసింది. అయినా పారిపోలేదు. పక్కకు జరిగి, తన పక్కన కాస్త చోటిచ్చింది.

నీతి: పైకి పోవడానికి ఎవరూ అక్కర్లేదు, తిరిగి రావడానికి మాత్రం మన కోసం తమ పేరు చెప్పి ఏడ్చేవాళ్లు ఒకరుండాలి. వాళ్లను బరువనుకుని దించుకోకు.